పెద్ద చేతి బోణీ

మా క్యాంపు బస్సు చీటీ రెండు వేళ్ళ వెడల్పుంటుంది. దాని మీద ఉండేవి మూడే: మనిషి పేరు, బ్యాడ్జి నంబరు, ఎక్కాల్సిన బస్సు నంబరు. ఆ ముక్క చేతిలో లేకపోతే మా కంపెనీ మనిషిని ఖతార్‌లో రాస్ లఫాన్ సైట్ గేటు దగ్గర లోపలికి పోనివ్వరు. గ్యాసు కోసం అక్కడ సముద్రం ఒడ్డున ఊరికి ఊరే లేపుతున్న రోజులవి. ఇటు దోహాలో ఆసియా క్రీడలు వస్తున్నాయని రోడ్లన్నీ తవ్వి పోశారు. ఎప్పుడు చూసినా విమానాల నిండా మనుషులు దిగుతూనే ఉండేవారు. మా కంపెనీ వాళ్ళను అల్ ఖోర్ దగ్గర క్యాంపులో పెట్టి, మూడు షిఫ్టులకూ బస్సుల్లో పంపేది. ఆ బస్సులెక్కించడం నా ఉద్యోగం. పేరుకు టైమ్ కీపర్ని. చేసేది మాత్రం రోజుకు మూడుసార్లు పెళ్ళివారిని బండ్లెక్కించే పని, పెళ్ళి భోజనం లేకుండా.

ఆ చీటీలు కొట్టే కంప్యూటర్ ప్రోగ్రాం రాసినావిడ ఫక్రున్నీసా. మెట్‌పల్లి గాజుల వజీరున్నీసా కూతురు. ఈ సంగతి ఎవరైనా అడిగితే చెప్తాను, అడగకపోతే ఇంకా గట్టిగా చెప్తాను. నా పేరు కామేశ్వరరావు, మాది రామచంద్రపురం. ఆవిడకీ నాకూ చుట్టరికం లేదు, యాస కలవదు, పప్పులో పులుపు ఎంతుండాలో ఇద్దరికీ ఒక్కనాడూ కుదరలేదు. అయినా ఆవిడ గురించి చెప్పేటప్పుడు నా ఛాతీ కాస్త పెరుగుతుంది. పెరగనివ్వండి, మీ సొమ్మేం పోయింది?

దోహాలో ఉమ్ ఘువైలినా అనే పేటలో ఒకే బిల్డింగులో ఉండేవాళ్ళం. ఆవిడా, భర్త రఫీకూ కింది అంతస్తులో, నేను సరిగ్గా వాళ్ళ నెత్తి మీద. రఫీక్ మా కంపెనీ దోహా ఆఫీసులో స్టోర్ కీపర్. నోట్లో నాలుక లేని మనిషి. నిజామాబాద్‌లో కంప్యూటర్ డిప్లొమా చేసిన పిల్లను పెళ్ళి చేసుకుని ఖతార్ తీసుకొచ్చాడు. భర్త వీసా మీద వచ్చిన ఆడవాళ్ళు ఇంటిపట్టున కూర్చోవాలి కదా. ఈవిడ కూర్చోలేదు. రఫీక్ చేత ఒక పాత కంప్యూటర్ కొనిపించి, శుక్రవారం పొద్దుటిపూట బిల్డింగులోవాళ్ళకు సి అనే కంప్యూటర్ భాష నేర్పడం మొదలుపెట్టింది.

నేను వెళ్ళింది చదువు కోసం కాదు. శుక్రవారం వాళ్ళింట్లో ఖట్టీ దాల్, అంటే పుల్లపప్పు, వండుతారు. అది ఉడికేదాకా ఊరికే ఎందుకని ఓ మూల కూర్చునేవాణ్ణి. ఒక శుక్రవారం పాఠం ఫార్మాట్ స్పెసిఫయర్లు. అంటే, కంప్యూటర్ చేత ఏదైనా అచ్చు వేయించాలంటే అది ఎలాంటి సరుకో ఒక గుర్తు పెట్టి చెప్పాలట. మామూలు అంకె అయితే పర్సెంట్ డి. దశాంశమైతే పర్సెంట్ ఎఫ్. ఒక్క అక్షరమైతే పర్సెంట్ సి, పేరులాంటి అక్షరాల వరసైతే పర్సెంట్ ఎస్. కంప్యూటర్ అంకెను దాచుకునే మామూలు గదిలో పట్టనంత పెద్ద అంకె అయితే పర్సెంట్ ఎల్‌డి. వింటుంటే నాకు ఒళ్ళు మండింది.

"ఇదేం చాదస్తమమ్మా? కంప్యూటర్‌కి అన్నీ తెలుసంటారు. తన కడుపులో ఉన్నది అంకో అక్షరమో దానికి తెలీదా? అది కూడా మనమే చెప్పాలా?" అన్నాను.

ఫక్రున్నీసా నవ్వింది. "రావన్నా, నువ్వు చెయ్యి సూపియ్యకుంట గాజులియ్యమంటున్నవు," అంది.

"నాకెందుకమ్మా గాజులు?"

"మా వదినెకు కొంటవనుకో. మా అమ్మీ దగ్గరికచ్చి గాజులియ్యమంటవు. ఎంత చెయ్యో సూడకుంట అమ్మీ ఏమిస్తది? చిన్నదిస్తె పలుగుతది, పెద్దదిస్తె జారి పడ్తది. మా అమ్మీకన్న కండ్లున్నయి, సూసి సైజు చెప్తది. గీ అచ్చేసే ప్రింట్‌ఎఫ్‌కు కండ్లు లేవు. నువ్వు ఏ గాజిస్తె గదే ఎక్కిస్తది. తప్పని చెప్పది, ఆగది. నెత్తురచ్చినంకనే నీకు తెలుస్తది."

వాళ్ళమ్మ వజీరున్నీసా మెట్‌పల్లి బజారులో గాజులమ్ముతుంది. ఫక్రున్నీసా ఆ గాజుల మధ్యే పెరిగింది. ఆ వ్యాపారానికి కొన్ని కట్టుబాట్లున్నాయి. ముందు చెయ్యి చూడాలి, తర్వాతే గాజు తియ్యాలి. తొడిగేటప్పుడు పగిలిన గాజు అమ్మినవాళ్ళకే పోతుంది, కొనేవాళ్ళను దాని ఊసెత్తకూడదు. పొద్దున బోణీ గాజు ఇంటి మనిషి చేతికే తొడగాలి, అప్పుడు రోజంతా బేరం బాగుంటుంది. చిన్నప్పుడు ఆ ఇంటి చెయ్యి ఫక్రున్నీసాదే. బడికి పోయేముందు ఒక గాజు తొడిగించుకుని, తీసి ఇచ్చేసి పరిగెత్తేదట. ఈ మూడు కట్టుబాట్లూ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

అప్పట్లో బస్సు చీటీలు చేత్తో రాసేవాళ్ళం. మా క్యాంపులో సగం మంది నిజామాబాద్, జగిత్యాల వైపువాళ్ళు. ఒక్క హన్మాండ్లు అనే పేరే అరడజను మందికి ఉండేది. ఒకడి చీటీ ఇంకొకడికి పోయేది, బస్సుల దగ్గర రోజూ జుట్లూ జుట్లూ పట్టుకునేవారు. నా గోడు విని విని ఫక్రున్నీసాయే ఒక శుక్రవారం అంది, "అన్నా, నేను ప్రోగ్రాం రాసిస్త. మీ ఆఫీసుల ఆ మూలకున్న పాత కంప్యూటర్ సాలు." రాసిచ్చింది. ఆ మిషన్ ఎంత పాతదంటే దాన్ని చూసి కొత్త కుర్రాళ్ళు నవ్వేవారు. అయినా పక్కన రీలు ప్రింటర్ పెట్టుకుని కిర్రు కిర్రుమంటూ చీటీలు కొట్టిపారేసేది. చీటీలు చింపి పంచడానికి ఆర్మూరు హన్మాండ్లును కూర్చోబెట్టాను. నెల తిరిగేసరికి బస్సుల దగ్గర కొట్లాటలు పోయాయి. నాకు రక్తపోటు తగ్గింది.

క్యాంపు మేనేజర్ జియావుద్దీన్ సాబ్‌ది హైదరాబాద్. అల్ ఘర్రాఫాలో విల్లా, మొహంలో నవ్వు మాఫీ, అరబ్బీలో లేదని అర్థం. ఆయన కూడా వచ్చి చీటీల పని చూశాడు. రఫీక్‌ను పిలిచి, "నీ భార్యను కంపెనీలో తీసుకుంటా. కొత్త మనుషులు చాలామంది దిగుతున్నరు. వాళ్ళ బస్సులు కూడా ఇట్లనే నడిపించి చూపియ్యమను. ఆమె పేరు మీద వీసా, ఆమె పేరు మీద బ్యాడ్జి," అన్నాడు.

ఆ సాయంత్రం కిందికి వెళ్ళేసరికి ఫక్రున్నీసా కళ్ళలో నీళ్ళున్నాయి. బ్యాడ్జి అంటే అంత ఏడుపెందుకో నాకర్థం కాలేదు. నా మెళ్ళో వేలాడే నా బ్యాడ్జి నాకు గంగడోలులా అనిపించేది. అప్పుడు చెప్పింది.

"అన్నా, ఈడ నా ఐడీ కార్డు మీద రఫీక్ భార్య అనే ఉన్నది. మంచిదే, ఆయన భార్యనే. మా అమ్మీ ఎన్ని ఏండ్ల సంది గాజులమ్ముతున్నదో, ఊర్ల అందరు గాజులామె అనే అంటరు. పేరు ఎవ్వలకు తెల్వది. మా ఇంట్ల ఆడోళ్ళ పేరుతోని ఒక్క నౌకరి కార్డు లేదు. నా పేరు, నా నంబర్ ఉన్న కార్డు ఒక్కటి అమ్మీకి సూపియ్యాలె. గంతే నాకు."

ఆ రోజు పప్పులో పులుపు ఎక్కువైనా మారు వడ్డించుకుని తిన్నాను.

కొత్త మనుషులు దిగారు. పాత బ్యాడ్జి నంబర్లు చాలడం లేదని క్యాంపులో అందరికీ నంబర్లు మార్చేశారు. రెండు లక్షల డెబ్భై వేల నుంచి మొదలు. ఎందుకు అక్కణ్ణించే అంటే హెడ్డాఫీసుకే తెలియాలి. దోహా ఆఫీసువాళ్ళకు మాత్రం పాత నాలుగంకెల నంబర్లే ఉంచారు. ఇంత పెద్ద నంబరు తన ప్రోగ్రాంలో పట్టదని ఫక్రున్నీసాకు తెలుసు. రఫీక్ పికప్‌లో క్యాంపు ఆఫీసుకు వచ్చి, మార్చాల్సినవి మార్చింది. మార్చాక ఎప్పటిలాగే బోణీ చీటీ కొట్టింది.

ఆవిడ బోణీ ఎప్పుడూ రఫీక్ పేరుతోనే. ఇంటి మనిషి కదా. రఫీక్ ఉండేది దోహా ఫ్లాట్‌లో, తిరిగేది పికప్‌లో, అంచేత అతనికి బస్సు లేదు. బస్సు లేనివాళ్ళకు ఆ చోట సున్నా పడుతుంది. కిర్రుమని చీటీ వచ్చింది: రఫీక్, అతని నాలుగంకెల నంబరు, సున్నా. అన్నీ సరిగ్గా ఉన్నాయి. "బిస్మిల్లా అయింది, ఇగ నడువనియ్యున్రి," అని నవ్వుతూ వెళ్ళిపోయింది.

కొత్త నంబర్ల చీటీలు మొదలైంది మర్నాడు మధ్యాహ్నం షిఫ్టుకు. నేను ఆవరణలో ఈల నోట్లో పెట్టుకుని నిలబడ్డాను. ఎదురుగా బస్సులు బారుగా నిలబడ్డాయి, ఒక్కోదాని అద్దం మీద దాని నంబరు. చీటీలు పట్టుకుని జనం వచ్చారు. వచ్చినవాడు వచ్చినట్టు నాలుగో నంబరు బస్సుకు పోతున్నాడు. మొదట నేను పట్టించుకోలేదు. కాసేపటికి నాలుగో బస్సు తలుపు దగ్గర తిరనాళ్ళ రద్దీ. మిగతా బస్సుల డ్రైవర్లు స్టీరింగుల మీద గడ్డాలు పెట్టుకుని చోద్యం చూస్తున్నారు.

నాలుగో బస్సు డ్రైవర్ రాజనర్సు కిటికీలోంచి తల బయట పెట్టి అరిచాడు. "సారూ! నా బండికేమన్న దేవుడచ్చిండా? అందరు దీనికే మొక్కుతున్నరు!"

"ఒరేయ్, మిగతా బస్సులెక్కండి, యల్లా యల్లా!" అని నేను గొంతు చించుకున్నాను.

ఒక్కడు కదిలితే ఒట్టు. "కాయిదం మీద నాలుగున్నది సారూ," అని అందరూ నా మొహం మీద చీటీలాడించారు. చూశాను. నిజమే. పేర్లు సరిగ్గానే ఉన్నాయి. అందరికీ బస్సు నంబరు నాలుగే. చేత్తో రాసిన రోజుల్లో చీటీని ఎవడూ లెక్కచేసేవాడు కాదు. ఫక్రున్నీసా చీటీ వచ్చాక దాని మాటే వేదవాక్కు. వాళ్ళను ఏమని తిట్టను? పాత కాగితాలు వెతికి, పేరు పేరునా అరిచి, మెడలు పట్టి ఎక్కించేసరికి నా గొంతు పోయింది. షిఫ్టు ఆలస్యంగా చేరింది. సైట్ నుంచి జియావుద్దీన్ సాబ్‌కు ఫోన్ వెళ్ళింది. నేను రఫీక్‌కు ఫోన్ చేశాను.

దోహా నుంచి రఫీక్ పికప్ ఎగురుకుంటూ వచ్చింది. ఫక్రున్నీసా దిగుతూనే చీటీలు అడిగింది. హన్మాండ్లు తన పేరుతో పడిన చీటీ ఇచ్చాడు. ఆవిడ దాన్ని చూసింది, మిగిలిపోయిన ఇంకో నాలుగు చీటీలు చూసింది. అన్నిటి మీదా నాలుగు. "తమ్మీ, నీ బ్యాడ్జి సూపియ్యి," అంది.

హన్మాండ్లు బ్యాడ్జి మీద రెండు లక్షల డెబ్భైరెండు వేల నూట అయిదు అని ఉంది. చీటీ మీద అతని నంబరు చోట తొమ్మిది వేల తొమ్మిది వందల అరవై ఒకటి. నేను ఆ సంగతే గమనించలేదు. అందరి కళ్ళూ బస్సు నంబరు మీదే ఉన్నాయి, బ్యాడ్జి నంబరును ఎవడు చూశాడు?

ఆవిడ ఆఫీసులోకి వచ్చి నా బల్ల మీద పెన్సిల్ తీసుకుంది. అరవై అయిదు వేల అయిదు వందల ముప్పై ఆరు అని వేసి, దాన్ని నాలుగు పెట్టి గుణించింది. వచ్చిన దానికి చీటీ మీది తొమ్మిది వేల చిల్లర కలిపింది. కిందికి వచ్చిన మొత్తం హన్మాండ్లు బ్యాడ్జి నంబరు. అంకె పొల్లు పోలేదు. ఆవిడ పెన్సిల్ పక్కన పెట్టింది.

"అర్థమైందా అన్నా? గీ పాత మిషన్ పెద్ద నంబర్‌ను రెండు ముక్కలు చేసి దాసుకుంటది. పైనున్న మీది ముక్కల ఒకటున్నదంటె అరవై అయిదు వేల అయిదు వందల ముప్పై ఆరు ఉన్నట్టు. నేను నంబర్ దాసే గదిని పెద్దగ చేసిన. ఆఫీసు జాబితాల పర్సెంట్ ఎల్‌డి అని మార్చిన. చీటీ కాడ మాత్రం పర్సెంట్ డి అనే ఉంచిన. పెద్ద చెయ్యికి చిన్న గాజు. గాజు పలిగి రెండు ముక్కలైంది. కింది ముక్క బ్యాడ్జి నంబర్ జాగల పడ్డది, మీది ముక్క బస్ నంబర్ జాగల పడ్డది. అసలు బస్ నంబర్‌కు జాగనే లేకుంట పోయింది. ఇప్పుడిచ్చిన నంబర్లన్నిటికి మీది ముక్క నాలుగే."

"మరి నిన్న బోణీ చీటీ సరిగ్గా వచ్చిందిగా?" అన్నాను.

"ఆయనది చిన్న నంబర్. మీది ముక్క సున్నా. బస్ జాగల సున్నా పడ్డది. ఆయనకు బస్ లేదు, సున్నానే పడాలె. తప్పు సున్నా అచ్చి ఒప్పు సున్నా జాగల కూసున్నది. ఇంటి చెయ్యి చిన్న చెయ్యి అన్నా. బోణీ మంచిగనే అయింది, అందుకే మోసపోయిన."

అప్పుడే జియావుద్దీన్ సాబ్ కారు ఆవరణలో ఆగింది. లోపలికి వచ్చి టోపీ బల్ల మీద గిరాటేశాడు. "క్యా రావు సాబ్, తమాషా హై క్యా? సైట్ మొత్తం నన్ను తిడుతున్నది. ఏమైంది? ప్రింటర్ ఖరాబైందా?"

ఆ ప్రింటర్ ముసలిది, దాని మీద ఏ నింద వేసినా నమ్ముతారు. రఫీక్ చటుక్కున అందుకున్నాడు. "హా సాబ్, పాత ప్రింటర్, అందుకే..." ఆ మనిషి గొంతు నేను అంత గట్టిగా వినడం అదే మొదలు. భార్య బ్యాడ్జి కళ్ళముందే పోతుంటే ఏ మగాడైనా అదే అంటాడు. నేను నోరు మూసుకున్నాను. సంగతి తెలిసినవాళ్ళం ఆ గదిలో నలుగురమే. హన్మాండ్లు అక్క మాట జవదాటడు. ప్రింటర్‌కు నోరు లేదు. అంతా సులువుగా గడిచిపోయేదే.

"ప్రింటర్‌ది తప్పు లేదు సాబ్," అంది ఫక్రున్నీసా.

"మరి?"

"మా అమ్మీ గాజులమ్ముతది సాబ్. తొడిగేటప్పుడు గాజు పలిగితె చెయ్యి ఇచ్చినోళ్ళను ఏమనది. పలగ్గొట్టింది తను. నష్టం తనది. ఈ గాజు నా చేతుల పలిగింది." పెన్సిల్‌తో వేసిన లెక్క ఆయన ముందు పెట్టి, తప్పు ఎక్కడ జరిగిందో, బోణీ చీటీ ఎందుకు మోసం చేసిందో మొదట్నుంచి చివరిదాకా చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు.

ఆయన లెక్క చూశాడు. ఆవిణ్ణి చూశాడు. "బ్యాడ్జి మాట ఇప్పుడు నాతోని ఎవ్వరు ఎత్తొద్దు," అన్నాడు. "సాయంత్రం షిఫ్ట్ బస్సులు టైముకు పోవాలె. పోకపోతే ఈ ప్రోగ్రాం బంద్. మళ్ళ చేత్తోనే రాసుకోండి." అని బయటికి వెళ్ళి, ఆవరణలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

రఫీక్ గోడకు ఆనుకుని కూలబడ్డాడు. నాకు కోపం ఎవరి మీద రావాలో తెలీక ఫక్రున్నీసా మీదే వచ్చింది. "ఎందుకమ్మా అంత నిజం? కాస్త తగ్గించి చెప్తే నీ సొమ్మేం పోయింది?" అన్నాను.

"ప్రింటర్ అని చెప్తె కొత్త ప్రింటర్ కొంటరు అన్నా. అండ్ల కూడ అందరికి నాలుగే పడ్తది," అంది, కంప్యూటర్ ముందు కూర్చుంటూ.

చీటీ అచ్చయ్యే చోట ఒక్క ఎల్ చేర్చింది. చేర్చి ఊరుకోలేదు. అచ్చు వేసే గుర్తు ఉన్న ప్రతి చోటా వేలు పెట్టి, ఇది అంకె, ఇది పేరు, ఇది పెద్ద అంకె అని పైకి చదువుకుంటూ చివరిదాకా వెళ్ళింది. నేను పక్కన కూర్చుని ప్రతిదానికీ "ఊఁ" కొట్టాను. శుక్రవారం పాఠాలు వృథా పోలేదు, రెండు చోట్ల ఆవిడ కంటే ముందే గుర్తు చెప్పాను. అంతా అయ్యాక రఫీక్ అలవాటుగా లేచి నిలబడ్డాడు, బోణీ తనదే కదా అని.

"నువ్వు గాదు," అంది ఆవిడ. "తమ్మీ హన్మాండ్లూ, క్యాంపుల అందరికన్న పెద్ద నంబర్ ఎవ్వలదో తోల్కరా."

హన్మాండ్లు వెళ్ళి జలంధర్ అనే మనిషిని పట్టుకొచ్చాడు. నలభై దాటిన మనిషి, కోరుట్ల దగ్గర పల్లె, కిందటి రోజే దిగాడు. అందరికంటే చివర వచ్చాడు గనక అందరికంటే పెద్ద నంబరు. పాపం, దిగిన మర్నాడే ఆఫీసుకు పిలిచారంటే ఇంటికి పంపేస్తారేమో అనుకున్నాడు. గడప దగ్గరే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సారూ, నేనేం జెయ్యలే. నిన్ననే అచ్చిన," అన్నాడు.

"భయపడకు అన్నా, నీ చేతితోని బోణీ," అంది ఫక్రున్నీసా.

చీటీ వచ్చింది. జలంధర్ పేరు, అతని పొడుగాటి నంబరు, బస్సు పదకొండు. ఆవిడ బ్యాడ్జి పక్కన చీటీ పెట్టి గోటితో ఒక్కో అంకె ఒత్తి చూసింది. నేను జాబితాలో చూశాను. పదకొండే. "ఇగ కొట్టున్రి," అంది. ప్రింటర్ కిర్రుమంది.

సాయంత్రం షిఫ్టుకు జనం చీటీలు పట్టుకుని వచ్చారు. వచ్చినవాడు వచ్చినట్టు తన బస్సుకు తను పోయాడు. రాజనర్సు మాత్రం తలుపు దగ్గర నిలబడి ప్రతివాడి చీటీనీ రెండుసార్లు చూసి ఎక్కించుకున్నాడు. బస్సులు వరసగా కదిలి రాస్ లఫాన్ రోడ్డెక్కాయి. జియావుద్దీన్ సాబ్ లేచి బట్టలు దులుపుకుని, ఒక్క మాట కూడా అనకుండా కారెక్కి వెళ్ళిపోయాడు. తిట్టనందుకు సంతోషించాలో, మెచ్చుకోనందుకు ఏడవాలో మాకు తెలియలేదు.

ఆ తర్వాత చలికాలమంతా మనుషులు దిగుతూనే ఉన్నారు. ప్రోగ్రాంలో ఏది మార్చినా, కొత్తవాళ్ళ పేర్లు ఎక్కించినా, బోణీ మాత్రం క్యాంపులో అందరికంటే పెద్ద నంబరువాడిదే. అది ఒక ఆచారమై కూర్చుంది. ఆ మనిషిని పెద్ద చెయ్యి అని పిలిచేవారు. ఆఫీసులో అతనికి పాలు లేని ఒక సులేమానీ చాయ్, హన్మాండ్లు చేత్తో. ఊరు కాని ఊరు వచ్చి బిక్కుబిక్కుమంటూ ఉన్నవాడికి మొదటిరోజే అంత మర్యాద. కొందరైతే ఊళ్ళకు ఫోన్ చేసి, "దుబాయ్‌ల అచ్చుడచ్చుడే నా పేరే ముందట కొట్టిన్రు," అని చెప్పుకున్నారు. వాళ్ళ ఊళ్ళవాళ్ళకు ఖతార్ కూడా దుబాయే. ఆ చలికాలంలో ఒక్క మనిషి కూడా తప్పు బస్సెక్కలేదు. ఫక్రున్నీసా బ్యాడ్జి మాట నేనూ ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు. శుక్రవారాలు పాఠం చెప్తూనే ఉంది. పర్సెంట్ ఎల్‌డి దగ్గరికి వచ్చినప్పుడు నాలుగో బస్సు కథ తనే చెప్పేది, దాచుకోకుండా, నవ్వకుండా.

ఎండలు ముదరకముందు ఒక పొద్దున జియావుద్దీన్ సాబ్ నా బల్ల దగ్గర ఆగాడు. ఎటో చూస్తూ, "ఆ మేడమ్‌ను పాస్‌పోర్ట్ ఫోటోలు తెమ్మను," అన్నాడు. నేను నోరు తెరిచేలోపు వెళ్ళిపోయాడు. ఆయన అంతే. మాటకు మెరుగులు దిద్దని మనిషి. నేను మాత్రం ఆ పూట డ్యూటీలో ఉన్నానని కూడా మరిచిపోయి, రఫీక్‌కు ఫోన్ చేసి చిన్నపిల్లాడిలా అరిచాను.

కాగితాలన్నీ అయ్యి బ్యాడ్జి చేతికొచ్చిన రోజు ఫక్రున్నీసా నీలం చీర కట్టుకుని, దాని మీద నల్ల బుర్ఖా వేసుకుని ఆఫీసుకు వచ్చింది. మెళ్ళో బ్యాడ్జి. దాని మీద ఆవిడ ఫోటో, ఆవిడ పేరు, ఆవిడ నంబరు. రఫీక్ పేరు ఎక్కడా లేదు, దానికి అందరికంటే సంబరపడుతున్నది రఫీకే. మధ్యాహ్నం షిఫ్టు చీటీలు కొట్టే వేళయింది. కొత్త పేర్లు ఎక్కించాం గనక బోణీ చెయ్యాలి. హన్మాండ్లు చాయ్ గ్లాసు సిద్ధం చేసి, "అక్కా, ఇయ్యాల పెద్ద చెయ్యి ఎవ్వలది? తోల్కస్త," అన్నాడు.

నేను జాబితా చివరి వరస చూశాను. చూసి, ఇంకోసారి చూశాను. జాబితాను ఆవిడ వైపు తిప్పాను. అందరికంటే చివర చేరింది ఆవిడే. ఆవిడ కట్టిన పద్ధతి ప్రకారం ఆ రోజు బోణీ ఆవిడదే.

ఫక్రున్నీసా కుర్చీ కీబోర్డు ముందుకు జరుపుకుంది. మీట నొక్కింది. చీటీ కిర్రుమంటూ వచ్చింది: ఫక్రున్నీసా, మూడు లక్షల పై చిలుకు నంబరు, బస్సు చోట సున్నా. బ్యాడ్జి పక్కన పెట్టి గోటితో ఒక్కో అంకె ఒత్తి చూసింది. సున్నా దగ్గర ఆగింది. దోహా ఫ్లాట్‌లో ఉండే మనిషికి బస్సు లేదు, అది నిఖార్సయిన సున్నా. హన్మాండ్లు చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఆవిడ ముందు పెట్టాడు.

అప్పుడే మెట్‌పల్లికి ఫోన్ చేసింది. వాళ్ళింట్లో ఉర్దూ, తెలుగు కలిపే మాట్లాడతారు. నాలుగో బస్సు కథ తల్లికి ఎప్పుడో చెప్పేసింది. గాజుల వజీరున్నీసా గొంతు అవతలినుంచి మాకందరికీ వినబడేంత గట్టిగా ఉంది. ఫక్రున్నీసా చీటీ మీది నంబరు ఒక్కో అంకె చదివి వినిపించింది.

"యా అల్లా, గంత పెద్ద నంబరా!" అంది తల్లి. "పలగలేదు గదా బేటీ?"

"లేదమ్మీ," అంది ఫక్రున్నీసా. "సరిగ్గ సరిపోయింది."